ప్రామాణిక దగ్గు

మా అమ్మ కాఫీ తాగాలంటే ముందు శివధనుస్సు విరగాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇంట్లో ఉన్న ఏర్పాటు ఇది. తెల్లారగానే స్నానం చేసి, ముందుగదిలో పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. పెట్టె అంటే టేపూ యాంప్లిఫయరూ ఒకే చెక్క డబ్బాలో ఉన్న పాతకాలం సెట్టు. మా నాన్న బతికుండగా మా తెనాలిలో ఓ పందిట్లో దాసుగారి హరికథ జరిగితే, ఎదురుగా కూర్చుని రికార్డు చేసిన టేపు అందులో తిరుగుతుంది. జనకుడి సభ, రాజులు ఒక్కొక్కరే వచ్చి చతికిలబడటం, చివరికి రాముడు లేవడం, ఫెళ్లున విల్లు విరగడం. అప్పుడు మా ఆవిడ సుభద్ర కాఫీ గ్లాసుతో వంటింట్లోంచి బయటికొస్తుంది. కాఫీ తాగితే అమ్మ బీపీ మాత్ర, షుగరు మాత్ర వేసుకుంటుంది. ఎప్పుడైనా పాలు ఆలస్యమైతే "ఫర్వాలేదులే, ఇంకా రావణుడే లేవలేదు" అనుకుంటాం.

ఇలా సజావుగా సాగిపోతున్న సంసారంలో ప్రభుత్వం వచ్చి వేలు పెట్టింది.

రాజధానిలో ఒక పెద్ద అధికారి ఉన్నారు. పేరు మనకెందుకు. ఆయన బావమరిదికి పనీపాటా లేదు. ఓ రోజు ఇంట్లో యాంప్లిఫయరు విప్పి, లోపలి పాత కండెన్సర్లన్నీ పీకించి, ఎక్కడి నుంచో తెప్పించిన కొత్తవి పెట్టించాడు. కండెన్సర్లంటే మందుబిళ్లల డబ్బీల్లా ఉండే చిన్న చిన్న సామాన్లు. మంచివి పెడితే ధ్వని శుభ్రపడుతుందంటారు, నిజమేనేమో కూడా. ఆ సాయంత్రం బావగారిని పిలిచి ఒక కచేరీ వినిపించాడు. మధ్యలో ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తి, "బావా, విన్నావా? మృదంగం ఆయన సన్నగా దగ్గాడు! ఇన్నేళ్లుగా వింటున్నా ఈ టేపు. ఈ దగ్గు ఇవాళ విన్నాను" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట.

పెద్దాయన చలించిపోయారు. మర్నాడు ఆఫీసుకెళ్లి, "ఈ దగ్గు ఇన్నాళ్లూ సామాన్యుడికి ఎందుకు అందలేదు?" అని నిలదీశారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేనిచోట ఒక సంస్థ పెట్టడం మనకు అలవాటు కాబట్టి, గృహశ్రవ్య పరికరాల అంతర్భాగ ఉన్నతీకరణ సంస్థ పుట్టింది. ప్రతి ఇంట్లో, ప్రతి పౌరుడికీ మృదంగం ఆయన దగ్గు వినపడాలన్నది దాని ఆశయం. ఇంటింటికీ వచ్చి సెట్లు విప్పుతారు, భాగాలు మారుస్తారు, దగ్గు వినపడితే పాసు. వినపడకపోతే వినపడేదాకా మారుస్తారు. పాసు కాని సెట్టు మోగించడం నేరం.

మా వీధికి వచ్చినాయన ప్రాంతీయ ధ్వని నాణ్యతాధికారి పరాంకుశం గారు. పొట్టి మనిషి. మెళ్లో డాక్టర్లకుండే స్టెతస్కోపు. వెనక సంచులతో ఇద్దరు మనుషులు.

"గృహస్థు తమరేనా?"

"నేనేనండి. పద్మనాభం అంటారు."

"తమ గృహమందు ధ్వని ఉత్పాదక పరికరము కలదని మాకు సమాచారము. దాని అంతర్భాగములను పరిశీలించవలసి యున్నది."

అమ్మ పీట మీంచి లేవకుండానే చూసింది. "ఎవర్రా?"

"గవర్నమెంటు వాళ్లమ్మా. మన పెట్టె బాగుచేస్తారట."

"అది బాగానే ఉందిగా?"

"బాగున్నదన్న భావన అజ్ఞానజనితము తల్లీ" అన్నారు పరాంకుశం గారు ఎంతో మర్యాదగా, పెట్టె వెనక చెక్క ఊడదీస్తూ. లోపలికి తొంగిచూసి, బాగా లేటుగా తీసుకొచ్చిన రోగిని చూసిన డాక్టరులా పెదవి చప్పరించారు. కండెన్సర్లు మార్చారు. తరవాత సంస్థవారి ప్రామాణిక కచేరీ టేపు పెట్టారు. మృదంగం ఆయన దగ్గు ఉన్నది అందులోనే. కాసేపయ్యాక చెయ్యెత్తి, "అమ్మా, వినపడెనా?" అనడిగారు.

"ఆఁ, వినపడింది నాయనా. ఎంత హాయిగా పాడాడో."

"పాట సంగతి అడుగుట లేదు. దగ్గు!"

"అయ్యో, ఎవరికి దగ్గు? పాపం, కాస్త మిరియాల కషాయం ఇవ్వకపోయారా?"

లోపలి వైర్లు మార్చి మళ్లీ పెట్టారు. అమ్మ కళ్లు మూసుకుని విన్నది. "ఇప్పుడో?" అన్నారాయన ఆశగా.

"ఆ పై షడ్జం మీద నిలబడ్డాడు చూశావూ, ఒళ్లు పులకరించింది."

పరాంకుశం గారి మొహం మాడిపోయింది. ట్రాన్స్‌ఫార్మరు మార్చారు. స్పీకరు మార్చారు. మా అమ్మ మాత్రం పాటే వింటోంది, ఎన్ని మార్చినా పాటే వింటోంది. "శ్రోత మిక్కిలి మొండిగా సంగీతము వైపే మొగ్గుచున్నది" అని తనవాళ్లకు చెప్పి, పెట్టెను కట్టించి ఆటోలో వేయించారు. ఉన్నతస్థాయి ఉన్నతీకరణ జరగాలట. అంతవరకూ పెట్టె సంస్థ సంరక్షణలో ఉంటుందట.

మర్నాడు పొద్దున్న సుభద్ర కాఫీ తెచ్చింది. అమ్మ గ్లాసు వైపు చూడలేదు.

"తాగమ్మా, చల్లారిపోతుంది" అన్నాను.

"ఎలా తాగమంటావురా? అక్కడ విల్లు అలాగే ఉంది. సీతమ్మ దండ పట్టుకుని నిలబడే ఉంది. ఆ పిల్ల అలా నిలబడి ఉంటే నేనిక్కడ కాఫీ తాగుతూ కూర్చోనా?"

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వినదే! మధ్యాహ్నం మా బలవంతం మీద నాలుగు మెతుకులు తింటుంది. కాఫీ ముట్టదు. కాఫీ తాగందే మాత్రలు వేసుకోదు. అది ఆవిడ పద్ధతి, దానికెదురు చెప్పే మొనగాడు మా వంశంలో పుట్టలేదు. నాలుగు రోజులకే కళ్లు తిరిగి గోడ పట్టుకుంది.

"ఏవండీ, పోనీ మీరే విరవండి" అంది సుభద్ర.

"ఏంటి విరిచేది?"

"విల్లండీ. ఆవిడకు కావలసింది అదేగా!"

నా కర్మ కాకపోతే, బట్టలారేసే వెదురుకర్ర పట్టుకుని ఈ వయసులో అమ్మ ముందు నిలబడ్డాను. సుభద్ర కథ చదివింది. ఆవిడ చదువుతుంటే జనకుడి సభ కరెంటు ఆఫీసు మీటింగులా ఉంది. నా వంతు వచ్చింది. కర్ర వంచాను. వంగింది, విరగలేదు. మోకాలికి అడ్డంపెట్టాను. మోకాలు కలుక్కుమంది. చివరికి కింద పడేసి కాలితో తొక్కితే, కర్ర ఎగిరొచ్చి నా గడ్డానికి తగిలింది.

"రాముడు కాలితో తొక్కలేదురా సన్నాసీ" అంది అమ్మ నీరసంగా. "నువ్వు అంతకుముందు వచ్చి వెళ్లిన రాజుల్లో ఒకడివి. పో, పోయి కూర్చో."

ఇక లాభం లేదని సంస్థ కార్యాలయానికి వెళ్లాను.

పెద్ద హాలు. ఊళ్లోని సెట్లన్నీ వరసగా బల్లల మీద ఉన్నాయి. ఒక్కో సెట్టుకూ ఒక్కో ఉద్యోగి చెవి ఆనించి, మొహం చిట్లించుకుని వింటున్నాడు. గోడ మీద బోర్డు: 'నిశ్శబ్దము పాటించుడు. దగ్గు వినబడుచున్నది.' హాలు చివర గాజు తలుపు వెనక ఒక బక్కపలచని మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలుపు మీద 'ప్రామాణిక దగ్గు విభాగము' అని రాసి ఉంది.

పలకరిస్తే ఆ మనిషి బయటికొచ్చాడు. పేరు ఏడుకొండలట. టేపులో మృదంగం ఆయన దగ్గు కాపీల మీద కాపీలు తీసేసరికి అరిగిపోయిందట. పోల్చి చూసుకోవడానికి ఒక సజీవమైన దగ్గు కావాలని ఇంటర్వ్యూలు పెట్టి ఈయన్ని తీసుకున్నారట.

"ఎంతమంది వచ్చారనుకున్నారండీ! ఎమ్మేలు చదివినోళ్లు కూడా దగ్గారండి. కానీ ఆళ్ల దగ్గులో సహజం లేదన్నారండి. నాది బీడీ దగ్గండి, సిన్నప్పట్నుంచీ ఉన్నది."

"మంచి ఉద్యోగమే దొరికింది."

"ఏం మంచండీ! బీడీలు మానెయ్యమని మా ఆవిడ ఒకటే పోరండి. మానితే దగ్గు పోద్ది. దగ్గు పోతే ఉద్యోగం పోద్ది. మొన్న కాస్త తగ్గిందండి, ఎంటనే మెమో ఇచ్చారు" అని, డ్యూటీ గుర్తొచ్చి ఓసారి దగ్గాడు. హాల్లో ఉద్యోగులందరూ ఒక్కసారిగా తలలెత్తి, తృప్తిగా తలాడించి, మళ్లీ చెవులు ఆనించారు.

పరాంకుశం గారు నన్ను చూడగానే ఎదురొచ్చారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "రండి రండి! తమ పరికరము విషయమై కమిటీ ఏడు దఫాలు సమావేశమైనది. మహత్తర నిర్ణయము గైకొనబడినది. దగ్గు వినబడకపోవుటకు మూలకారణము ఇంతకాలమునకు దొరికినది."

"ఏమిటండీ అది?"

"సంగీతము!" అని, ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు అటూ ఇటూ చూశారు. "ఆ పాట, ఆ వయొలిను, ఆ తాళము, ఇవన్నీ వచ్చి దగ్గు మీద పడిపోవుచున్నవి. ధ్వని యందలి మాలిన్యమంతయు అదే. కావున సంగీత నివారణ సర్క్యూటు బోర్డు ఒకటి తయారుచేయించి, మొట్టమొదట తమ పరికరమునందే అమర్చితిమి. ఇక దగ్గు తప్ప తక్కినదేదియు స్పీకరు దాకా రాదు."

"మరి మా అమ్మ హరికథండీ?"

"అందు దగ్గు ఉన్నచో నిక్షేపముగా వినవచ్చును."

"లేకపోతే?"

"పరిపూర్ణ నిశ్శబ్దము. ఇంతటి స్వచ్ఛమైన నిశ్శబ్దమును ఈ జిల్లాలో మరే పరికరమూ ఇవ్వజాలదు. తమరు అదృష్టవంతులు."

"బాబ్బాబు, ఆ బోర్డు తీసెయ్యండి. మా అమ్మ కాఫీ మానేసిందండీ, మాత్రలు వేసుకోవట్లేదండీ, మనిషి దక్కేట్టు లేదండీ!" అని ఆయన చేతులు పట్టుకున్నాను.

ఆయన నిజంగానే బాధపడ్డారు. "పద్మనాభం గారూ, అమర్చుటకు మాత్రమే మా సంస్థకు అధికారము గలదు. తొలగించుటకు వేరొక సంస్థ ఏర్పడవలసి యున్నది."

పెట్టె ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్న అమ్మ స్నానం చేసి, వణుకుతూనే వచ్చి పీట మీద కూర్చుంది. మీట నొక్కాను. టేపు తిరుగుతోంది. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అమ్మ పెట్టె వైపే చూస్తోంది. నాకు ఆవిడ మొహం చూసే ధైర్యం లేక గోడ గడియారం చూస్తున్నాను.

చాలాసేపటికి పెట్టెలోంచి "ఖళ్... ఖళ్ళుఁ" అని వినపడింది.

అమ్మ ఉలిక్కిపడింది. "ఒరేయ్! మీ నాన్నరా!"

"నాన్నేంటమ్మా?"

"ఆయన దగ్గు నాకు తెలీదట్రా? పందిట్లో పక్కనే కూర్చున్నాను. దగ్గొద్దండీ, టేపులో పడుతుందీ అని నా చెంగిచ్చి నోటికి అడ్డం పెట్టుకోమన్నాను. ఇంటికొచ్చాక, దగ్గారా అనడిగితే, నీ మీదొట్టు సీతారావమ్మా, దగ్గలేదన్నారు. చూశావా ఎంత అబద్ధమో! నా మీద ఒట్టేసి!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, ఆ చెంగుతోనే కళ్లు తుడుచుకుంది. "దొరికారు మహానుభావుడు, ఇన్నేళ్లకి దొరికారు" అంది. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

టేపు మళ్లీ నిశ్శబ్దంగా తిరగసాగింది. అమ్మ కాసేపు చూసింది. నవ్వు పోయింది, ఆ స్థానంలో కోపం వచ్చింది.

"బాగానే ఉంది. మనిషిని వినిపించారు. కథేదిరా? కథంతా ఏం చేశారు?"

"వాళ్లు తీసేశారమ్మా."

"వాళ్లెవర్రా తీసెయ్యడానికి?" అని పెట్టె మీట ఠక్కున కట్టేసింది. పీట గదిమధ్యకు లాక్కుంది. చెంగు నడుముకి దోపుకుంది. "ఆయన దగ్గింది, నేను చెంగిచ్చింది రావణుడు లేచినప్పుడు. అక్కడి నుంచి అందుకుంటాను" అని తొడ మీద తాళం వేస్తూ మొదలుపెట్టింది.

"వచ్చాడయ్యా పది తలలవాడు! ఒక తల మీసం దువ్వింది, ఒక తల జనకుణ్ణి చూసింది, ఒక తల సీతమ్మని చూసింది. విల్లుని చూడటానికి మాత్రం ఒక్క తలా మిగల్లేదు!"

నేను నోరు తెరిచి వింటున్నాను. ఇన్నేళ్లుగా టేపు వినివిని ఆవిడకంతా కంఠోపాఠమే, కానీ ఈ మాట టేపులో లేదు. ఇది ఆవిడ సొంతం. ఇరవై నిమిషాలు చెప్పింది. రాముడు లేచాడు, విల్లెత్తాడు, మా అమ్మ రెండు చేతులూ ఫెళ్లున చరిచింది. వంటింట్లోంచి సుభద్ర పరుగెత్తుకొచ్చింది, సగం కాఫీ దారిలోనే ఒలికిపోయింది. మిగతా సగం తాగి, మాత్రలు రెండూ వేసుకుని, "ఇంకా కాస్త చిక్కగా పెట్టాల్సింది" అంది అమ్మ. ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది.

వారం తిరిగేసరికి మా వీధిలో సెట్లన్నింటికీ నివారణ బోర్డులు పడ్డాయి. ఇళ్లన్నీ నిశ్శబ్దమైపోయాయి. పొద్దున్నే వినడానికేమీ లేక జనం మా వరండాలో చేరడం మొదలుపెట్టారు. అమ్మ రోజూ విల్లు విరుస్తోంది. వీధి వీధంతా ఆ తరవాతే కాఫీ తాగుతోంది.

ఇది సంస్థ చెవిన పడింది. నోటీసు వచ్చింది. "తమ గృహమందు సీతారావమ్మ అను పేరు గల ధ్వని ఉత్పాదక పరికరము ప్రతిదినము మ్రోగుచున్నట్లు తెలియవచ్చినది. సదరు పరికరము మిక్కిలి పాతది. అంతర్భాగములు ఉన్నతీకరించబడిన దాఖలా లేదు. తనిఖీయందు దగ్గు వినబడనిచో సదరు పరికరమునకు సీలు వేయబడును."

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషికి సీలేమిటి, ఎక్కడ వేస్తారు? అమ్మకు మెల్లగా చదివి వినిపించాను, భయపడుతుందేమోనని.

"అంతర్భాగాలు మార్చలేదా?" అంది అమ్మ. "పళ్లు మార్పించాను. కంట్లో అద్దం మార్పించాను. కుడి మోకాలు మార్పించాను. ఇంకా ఏం మారుస్తాడట? రమ్మను చూద్దాం."

పరాంకుశం గారు చెప్పిన రోజున పొద్దున్నే దిగారు. స్టెతస్కోపు, లక్క, సీలు, వెంట ఏడుకొండలు. వరండా అప్పటికే కిటకిటలాడుతోంది. పద్ధతి వివరించారు. పరికరం మోగుతూ ఉండగా ప్రామాణిక దగ్గు వెనక వరసలోంచి దగ్గబడుతుంది. ముందు వరసలో కూర్చున్న అధికారి చెవికి అది స్పష్టంగా అందాలి. అందకపోతే పరికరం దగ్గును కప్పేస్తున్నట్టు లెక్క, అప్పుడు సీలు. ఏడుకొండలు వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. పరాంకుశం గారు ముందు వరసలో చాప మీద మఠం వేసుకున్నారు. లక్క వెలిగించడానికి అగ్గిపెట్టె పక్కనే పెట్టుకున్నారు.

అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి మొదలుపెట్టింది.

"ఒక రాజు వచ్చాడు. భుజాలు ఎగరేశాడు. విల్లు చూశాడు. భుజాలు దించేశాడు. అయ్యా, నేను విల్లు కోసం రాలేదు, భోజనానికొచ్చాను అన్నాడు!"

వరండా ఘొల్లుమంది. పరాంకుశం గారు నవ్వలేదు. చెవులు రిక్కించి వెనక వైపు వింటున్నారు. వెనక నుంచి దగ్గు రాలేదు. తిరిగి చూద్దును కదా, ఏడుకొండలు నోరు వెళ్లబెట్టి కథలో మునిగిపోయి ఉన్నాడు.

రెండో రాజు పడ్డాడు. మూడో రాజు విల్లు కింద వేలు ఇరికించుకుని "అమ్మా" అన్నాడు. పరాంకుశం గారి మూతి కొస ఒకసారి కదిలింది. రావణుడు లేచేసరికి ఆయన స్టెతస్కోపు తీసి పక్కన పెట్టేశారు. జనకుడు "ఈ భూమ్మీద మగవాళ్లే లేరా" అని తల పట్టుకుంటే, ఆయనా తల పట్టుకున్నారు. విశ్వామిత్రుడు రాముడి వైపు చూశాడు. రాముడు లేచాడు. అమ్మ గొంతు తగ్గించింది. అంతమందిలో ఊపిరి చప్పుడు లేదు. రాముడు విల్లు దగ్గరికి నడుస్తున్నాడు. సీతమ్మ దండ పట్టుకుని చూస్తోంది. రాముడు వంగాడు. విల్లు మీద చెయ్యి వేశాడు.

సరిగ్గా అప్పుడు ఏడుకొండలుకి ఉద్యోగం గుర్తొచ్చింది. "ఖళ్ ఖళ్ ఖళ్ ఖళ్ళుఁ" అని, పాపం అప్పటిదాకా దగ్గనిది కూడా కలిపి, నిండుగా దగ్గాడు.

పరాంకుశం గారు గిరుక్కున వెనక్కి తిరిగారు.

"ష్! నోర్ముయ్యవయ్యా!"

"డ్యూటీ అండీ..."

"డ్యూటీ రేపు చేద్దువుగానిలే. విల్లెత్తుతున్నాడు, విననివ్వు!"